డాబా మీది ఇన్వర్టెడ్ వీకి 4:1 బాలన్ వద్దు, 1:1 చోక్ పెట్టండి

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. రెండంతస్తుల ఇంటి డాబా మీద జీఐ పైపు నిలబెట్టి హామ్ రేడియో 40 మీటర్ల బ్యాండుకు (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) ఇన్వర్టెడ్ వీ, అంటే మధ్యలో ఎత్తి రెండు వైపులా తీగలు కిందికి వాల్చిన డైపోల్ యాంటెన్నా, కట్టారు. ఆర్‌జీ-58 కోయాక్స్‌ని (మధ్య తీగ చుట్టూ లోహపు అల్లిక, అంటే షీల్డ్, ఉన్న కేబుల్) నేరుగా రెండు తీగలకూ సోల్డర్ చేశారు, మధ్యలో బాలన్ (కేబుల్‌ని యాంటెన్నాకి కుదిర్చే భాగం) ఏమీ లేదు. అక్కణ్ణుంచి మొదటి అంతస్తులోని రేడియో గదికి 15 మీటర్ల కేబుల్ ఒక తీగ పక్కనే పిట్టగోడ దాకా సాగి కిందికి దిగింది. రేడియో నుంచి కింద ఎర్త్ గొయ్యికి 6 మీటర్ల తీగ. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (కేబుల్‌కీ యాంటెన్నాకీ ఎంత కుదిరిందో చెప్పే అంకె, 1 అయితే పూర్తిగా కుదిరినట్టు) 1.4. అయినా 100 వాట్లతో మాట్లాడితే మైకు పెదాలకు చురుక్కుమంటోంది, కంప్యూటర్ స్పీకర్లలో మీ గొంతే గరగరమని వస్తోంది, ఎఫ్‌టీ8 (కంప్యూటర్‌తో నడిచే డిజిటల్ పద్ధతి) పంపేటప్పుడు యూఎస్‌బీ తెగిపోతోంది, రిసీవ్‌లో సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు మీద ఎస్7 నాయిజ్. ఒక మిత్రుడు 4:1 బాలన్ పెట్టమన్నారు, ఇంకొకరు 1:1 చాలన్నారు, మూడో ఆయన ఎర్త్ బాగా వేస్తే అంతా పోతుందన్నారు. తర్వాత 49:1 ట్రాన్స్‌ఫార్మర్‌తో ఎండ్ ఫెడ్ (ఒక చివర నుంచే ఫీడ్ చేసే తీగ యాంటెన్నా) కూడా కట్టాలని ఉంది, దానికీ ఇదే పనికొస్తుందా అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. మీకు కావలసింది ఫెరైట్ (ఇనుప ఆక్సైడ్‌తో చేసిన అయస్కాంత పదార్థం) రింగు మీద కోయాక్స్ చుట్టి చేసిన 1:1 చోక్, అంటే ఓంలు మార్చకుండా దారి తప్పిన కరెంటును మాత్రం అడ్డుకునేది. అది పైన, తీగలు కలిసే చోటే ఉండాలి. 4:1 పెడితే ఉన్నది చెడుతుంది. ఎర్త్ పిడుగు కోసం, కరెంటు షాకు నుంచి రక్షణ కోసం ఉండాల్సిందే, తీయకండి. కానీ ఈ రోగానికి అది మందు కాదు, పైగా మీ ఇంట్లో ఆ ఎర్త్ తీగే రోగంలో భాగమైంది. అదెలాగో కింద లెక్క చూపిస్తాను.

4:1 సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఎస్‌డబ్ల్యూఆర్ 1.4 అంటే, రియాక్టెన్స్ (చుట్లూ కెపాసిటర్లూ ఇచ్చే, వేడి పుట్టించని అడ్డం) పెద్దగా లేదనుకుంటే, మీ ఫీడ్ పాయింటు (కేబుల్ తీగలకు తగిలే చోటు) దగ్గర ఇంపెడెన్స్ (ఏసీ కరెంటుకు మొత్తం అడ్డం) 35 ఓంలో 70 ఓంలో ఉన్నట్టు. 4:1 బాలన్ దాన్ని నాలుగో వంతుకు దించుతుంది. కేబుల్‌కి అప్పుడు సుమారు 9 ఓంలో 17 ఓంలో కనిపిస్తాయి. ఎస్‌డబ్ల్యూఆర్ 3 నుంచి 6 మధ్యకు ఎగబాకుతుంది. 4:1 పనికొచ్చేది ఇంపెడెన్స్ నిజంగా 200, 300 ఓంలు ఉన్న చోట: ఫోల్డెడ్ డైపోల్, మధ్యలో కాకుండా పక్కకు జరిపి ఫీడ్ చేసే డైపోల్ లాంటి వాటికి. సగం తరంగం డైపోల్‌ని మధ్యలో ఫీడ్ చేసినప్పుడు మార్చాల్సిన ఇంపెడెన్స్ ఏమీ లేదు. మీ కష్టం ఇంపెడెన్స్‌ది కాదు, దారి తప్పిన కరెంటుది.

ఆ కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందో కాస్త నిదానంగా చూద్దాం, ఇది అర్థమైతే మిగతాదంతా మీరే ఊహించగలరు. ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) కరెంటు లోహం లోపలికి ఇంకదు, పైపొరలోనే పారుతుంది. 7 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం దాదాపు 25 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నలభయ్యో వంతు. అందువల్ల కోయాక్స్‌లో కంటికి కనిపించేవి రెండు కండక్టర్లే అయినా ఆర్ఎఫ్ లెక్కలో మూడున్నాయి: మధ్య తీగ, షీల్డ్ లోపలి వైపు, షీల్డ్ బయటి వైపు. మధ్య తీగలో ఎంత కరెంటు పైకి వెళ్తే షీల్డ్ లోపలి వైపు సరిగ్గా అంతే కిందికి వస్తుంది. కేబుల్ లోపల ఏ గొడవా లేదు. గొడవంతా పై చివర. మధ్య తీగ యాంటెన్నా ఒక కాలికి, అంటే ఒక వైపు తీగకి, వెళ్లిపోయింది, సరే. షీల్డ్ లోపలి కరెంటుకు మాత్రం అక్కడ రెండు దారులు: ఒకటి రెండో కాలు, రెండోది షీల్డ్ బయటి వైపు. ఆ బయటి వైపు కేబుల్ పొడవునా కిందికి దిగి మీ రేడియో డబ్బాకి, దాన్నుంచి మైకుకి, యూఎస్‌బీ తీగకి, ఎర్త్‌కి చేరుతుంది. అంటే మీ యాంటెన్నాకి కాళ్లు రెండు కాదు, మూడు. ఆ మూడో కాలు మీ బల్ల మీద ఉంది. దీన్నే కామన్ మోడ్ కరెంటు అంటారు.

మూడో కాలు ఎంత కరెంటు లాగుతుందన్నది దాని పొడవును బట్టి, కింది చివర ఎర్త్ అయిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కింది చివర ఎర్త్ అయి ఉండి మొత్తం పొడవు సగం తరంగానికి దగ్గరైతే పైన ఫీడ్ పాయింటు దగ్గర ఆ దారి ఇంపెడెన్స్ బాగా తక్కువ, కరెంటు అటే పరుగెడుతుంది. పావు తరంగమైతే ఎక్కువ, కరెంటు పెద్దగా పోదు. ఎర్త్ లేకుండా గాలిలో తేలుతున్న కేబుల్‌కి సరిగ్గా దీనికి తలకిందులు. ఇప్పుడు మీ కొలతలు: 15 మీటర్ల కేబుల్, 6 మీటర్ల ఎర్త్ తీగ, వెరసి 21 మీటర్లు. 7.1 మెగాహెర్ట్జ్‌కి సగం తరంగం 21.1 మీటర్లు! పనిగట్టుకుని కొలిచి కట్టినా ఇంత బాగా కుదరదు. ఇక రేడియో ఉన్నది ఎర్త్ గొయ్యి నుంచి 6 మీటర్ల దూరంలో. అంటే వోల్టేజీ గరిష్ఠంగా ఉండే పావు తరంగం దూరంలో సగం దాటాక. ఆ చోట రేడియో డబ్బాకి, నేలకి మధ్య గరిష్ఠ వోల్టేజీలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఉంటుంది. మైకు పెదాలకు చురుక్కుమనేది అందుకే. ఎర్త్ గొయ్యిలో ఎంత బొగ్గు, ఎంత ఉప్పు పోసినా ఆ 6 మీటర్ల తీగ 7 మెగాహెర్ట్జ్‌కి కొన్ని వందల ఓంలుగానే కనిపిస్తుంది. మూడో ఆయన సలహా మీ ఇంట్లో పనిచేయకపోవడానికి కారణం ఇదే.

చేయాల్సింది ఆ మూడో దారి మొదట్లోనే పెద్ద అడ్డం పెట్టడం. లోపలి రెండు కరెంట్లు సమానం, ఎదురెదురు కాబట్టి వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. వాటికి ఫెరైట్ ఉన్నట్టే తెలియదు. బయటి వైపు కరెంటు ఒంటరిది, దానికి మాత్రం ఫెరైట్ ఎదురు నిలుస్తుంది. సరిసమాన కరెంట్లను ఇలా బలవంతంగా నిలబెట్టే చుట్టు పద్ధతిని స్విస్ ఇంజనీరు గ్వానెల్లా 1944లోనే ప్రచురించారు. 1983లో వాల్టర్ మాక్స్‌వెల్ (హామ్ కాల్‌సైన్ డబ్ల్యూ2డీయూ) కోయాక్స్ మీద ఫెరైట్ పూసలు వరసగా గుచ్చి అదే పని చేసి చూపించాక హామ్‌లలో ఇది బాగా పాకింది. మనం రింగు మీద చుట్టేదీ దాని తమ్ముడే.

ఇక్కడ చాలామంది దారి తప్పే మలుపు ఒకటి ఉంది, దాని మీద కొంచెం ఎక్కువ రాస్తాను. చోక్ అంటే ఇండక్టెన్స్ కదా, కోయాక్స్‌నే పీవీసీ పైపు మీద చుట్టేస్తే సరిపోదా అని అడుగుతారు. 10 సెంటీమీటర్ల పైపు మీద 8 చుట్లు దగ్గరగా చుడితే సుమారు 7 మైక్రోహెన్రీలు వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర అది 300 ఓంల పైచిలుకు. వినడానికి ఫర్వాలేదు. కానీ ఆ 300 ఓంలు పూర్తిగా ఇండక్టివ్ రియాక్టెన్స్. కేబుల్ బయటి వైపు దారి, దాని పొడవును బట్టి, ఫీడ్ పాయింటుకు కెపాసిటివ్‌గా కనిపించవచ్చు. అది కూడా 300 ఓంలే అయిందనుకోండి, రెండూ కలిసి సున్నా. చుట్టు లేనప్పటికంటే చుట్టు పెట్టాకే ఎక్కువ కరెంటు పారుతుంది. ఒక ఇంట్లో గాలి చుట్టు బ్రహ్మాండంగా పనిచేసి, పక్కింట్లో అదే చుట్టు పెడితే మైకు ఇంకా గట్టిగా కాలడానికి కారణం ఇదే. రియాక్టెన్స్‌ని రియాక్టెన్స్ కొట్టేయగలదు. రెసిస్టెన్స్‌ని ఏదీ కొట్టేయలేదు. కాబట్టి మంచి చోక్ అంటే ఎక్కువ ఇంపెడెన్స్ ఉన్నది మాత్రమే కాదు, ఆ ఇంపెడెన్స్‌లో అధిక భాగం రెసిస్టెన్స్‌గా ఉన్నది. ఆ గుణం సరైన ఫెరైట్‌కి ఉంది, గాలి చుట్టుకి లేదు. ఫెరైట్ చోక్‌లను కొలిచి పట్టికలు ఇచ్చిన జిమ్ బ్రౌన్, కే9వైసీ, మొదటి నుంచీ పట్టుబట్టేది ఈ విషయం మీదే.

రెసిస్టెన్స్ అంటే వేడి కదా, రింగు కాలిపోదా అని భయం ఉంటుంది. లెక్క చూడండి. 50 ఓంల ఫీడ్ పాయింటుకు 100 వాట్లు ఇస్తే అక్కడ 70 వోల్టులు. సమంగా ఉన్న డైపోల్‌లో చోక్ మీద పడేది అందులో సగం, 35 వోల్టులు. చోక్ 500 ఓంలదైతే, మిగతా దారి అడ్డమేమీ లేదనుకుంటే, 70 మిల్లీ ఆంపియర్లు పారతాయి, రెండున్నర వాట్లు వేడిగా మారతాయి. అదే 5,000 ఓంలదైతే 7 మిల్లీ ఆంపియర్లే, పావు వాట్ వేడి. ఎంత బాగా అడ్డుకుంటే అంత తక్కువ వేడెక్కుతుంది. చేతికి వేడి తగిలే చోక్ అంటే బలంగా పనిచేస్తున్న చోక్ కాదు, సరిపోని చోక్. ఎఫ్‌టీ8లో ప్రతి ప్రసారం 12.64 సెకన్లు ఆగకుండా పూర్తి పవర్‌తో సాగుతుంది కాబట్టి సరిపోని చోక్ బండారం అక్కడ తొందరగా బయటపడుతుంది.

రింగు ఎంపిక: ఎఫ్‌టీ240-31. 240 అంటే బయటి వ్యాసం 2.4 అంగుళాలు, 31 అన్నది ఫెరైట్ మిశ్రమం పేరు. 80 నుంచి 20 మీటర్ల దాకా మీకు ఇదే సరైనది. 43 మిశ్రమం దొరికితే అదీ పనికొస్తుంది, పై బ్యాండ్లకు బాగుంటుంది. 52 ఇంకా పై బ్యాండ్లకి. కంప్యూటర్ పవర్ సప్లైల్లోంచి తీసిన పసుపు-తెలుపు రింగులు ఐరన్ పౌడర్‌వి, చోక్‌కి పనికిరావు. ఎర్ర రంగు టీ200-2 కూడా ఐరన్ పౌడరే, దాని పర్మియబిలిటీ (అయస్కాంత క్షేత్రాన్ని పెంచే గుణం) 10 మాత్రమే. 31 మిశ్రమానిది 1,500. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీలోనో, ఆన్‌లైన్‌లోనో గుర్తులేని నల్ల రింగు ఏది కొన్నా, కింద చెప్పే కొలత చేశాకే పైకి ఎక్కించండి. చూపుకు అన్ని ఫెరైట్‌లూ ఒకటే.

క్లిప్ చేసే ఫెరైట్‌లు నాలుగు తగిలిస్తే చాలదా అని కూడా అడుగుతారు. చుట్లు రెట్టింపైతే ఇంపెడెన్స్ నాలుగు రెట్లవుతుంది. కేబుల్ ఒక్కసారి దూరిన పది క్లిప్పులు కలిపితే పది రెట్లు. ఒకే రింగులో పది చుట్లు చుడితే వంద రెట్లు. 7 మెగాహెర్ట్జ్‌లో ఒక్క దూరుడుతో వచ్చేది ఎక్కడికీ చాలదు. అయితే చుట్లు పెంచుకుంటూ పోతే చుట్ల మధ్య కెపాసిటెన్స్ కూడా పెరిగి, పై బ్యాండ్లలో అడ్డం పడిపోతుంది. 40 మీటర్లకి 11, 12 చుట్లు మంచి మధ్యేమార్గం.

చుట్టడం ఇలా. ఆర్‌జీ-58 అయితే మీటరుంపావు ముక్క తీసుకోండి, రింగు చుట్టూ ఒక్కో చుట్టుకు దాదాపు 7 సెంటీమీటర్లు పడుతుంది. ఆర్‌జీ-400 గానీ ఆర్‌జీ-316 గానీ దొరికితే అదే వాడమంటాను. మన వేసవిలో డాబా మీద డబ్బా లోపలి వేడికి ఆర్‌జీ-58లోని పాలిథిన్ మెత్తబడి, వంపు దగ్గర మధ్య తీగ మెల్లగా షీల్డ్ వైపు జరుగుతుంది. టెఫ్లాన్ కేబుల్‌కి ఆ బాధ లేదు. ఫోమ్ ఉన్న టీవీ కేబుల్‌ని అసలు వంచకండి. రింగు అంచులు పదునుగా ఉంటే ముందు ఒక వరస టెఫ్లాన్ టేపు చుట్టండి. మొదటి చుట్టును కేబుల్ టైతో రింగుకు బిగించి, రెండో చివరను రంధ్రంలోంచి లాగుతూ పోండి. రంధ్రంలోంచి ఒకసారి దూరితే ఒక చుట్టు. లెక్క ఎప్పుడూ రంధ్రం లోపలే పెట్టండి, బయట లెక్కపెడితే ఒకటి తప్పుతుంది. గట్టిగా లాగి మూలల దగ్గర నలపకండి, రింగును ఆనుకుని ఉంటే చాలు. ఒక వరసే, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. మొదటి చుట్టు, ఆఖరి చుట్టు పక్కపక్కకు రాకుండా ఒక బొటనవేలు పట్టేంత ఖాళీ వదలండి. ఆ రెండూ దగ్గరైతే ఆర్ఎఫ్ చుట్లన్నీ తప్పించుకుని అడ్డదారిన దూకుతుంది. 14 మెగాహెర్ట్జ్ దగ్గర 2 పికోఫారడ్లంటే 5,700 ఓంలే, మీ చోక్ ఇంపెడెన్స్ అంత! సగం చుట్లయ్యాక కేబుల్‌ని అడ్డంగా అవతలికి దాటించి మిగతా సగం చుట్టే పద్ధతి బొమ్మల్లో చూసి ఉంటారు. దానివల్ల రెండు చివరలూ ఎదురెదురుగా వచ్చి డబ్బాలో అమర్చడం సుళువు, అంతకుమించి పెద్ద లాభమేమీ లేదు.

డబ్బా ప్లాస్టిక్‌దే కావాలి. కరెంటు సామాన్ల కొట్లో దొరికే పీవీసీ జంక్షన్ బాక్సు చక్కగా సరిపోతుంది. లోహపు డబ్బాలో లోపలికొచ్చే షీల్డ్, బయటికెళ్లే షీల్డ్ రెండూ డబ్బాకే తగిలితే చోక్‌ని మీరే షార్ట్ చేసినట్టు. కనెక్టర్ కింది వైపుకు ఉండాలి, అడుగున చిన్న రంధ్రం ఒకటి నీరు కారిపోవడానికి. తీగల బరువు డబ్బా మోయకూడదు. మధ్యలో ఇన్సులేటర్‌కి తీగలు కట్టి, అక్కణ్ణుంచి వదులుగా చిన్న ముక్కలు డబ్బాకి ఇవ్వండి. సముద్ర తీరంలో ఉన్నవాళ్లు జాయింట్లకు సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపు వేయకపోతే ఒక వర్షాకాలం దాటేసరికి షీల్డ్ పచ్చబడుతుంది.

పైకి ఎక్కించే ముందు నానోవీఎన్ఏ అనే చిన్న ఆర్ఎఫ్ కొలత పరికరంతో కొలవండి, మీ దగ్గర ఉందన్నారు కదా. చోక్ ఒక చివర షీల్డ్‌ని మొదటి పోర్టు మధ్య పిన్నుకి, రెండో చివర షీల్డ్‌ని రెండో పోర్టు మధ్య పిన్నుకి ఇవ్వండి. రెండు పోర్టుల గ్రౌండ్లు పొట్టి తీగతో కలపండి. చోక్ లోపలి మధ్య తీగతో ఇక్కడ పని లేదు. ఎస్21 (మొదటి పోర్టు నుంచి రెండోదానికి చేరే సిగ్నల్) ఎంత తగ్గిందో చూడండి. 15.6 డెసిబెల్స్ తగ్గితే చోక్ 500 ఓంలది, 21 తగ్గితే వెయ్యి ఓంలది, 34 తగ్గితే 5,000 ఓంలది. ఇది ఇంపెడెన్స్ రెసిస్టివ్ అనుకుని వేసిన లెక్క, పని గడవడానికి ఇది చాలు. ఇంత పెద్ద ఇంపెడెన్స్‌ని ఎస్11తో (మొదటి పోర్టుకే తిరిగొచ్చే సిగ్నల్‌తో) కొలవబోకండి, ఆ కొలత నమ్మదగినది కాదు. 7.1 దగ్గర 30 డెసిబెల్స్ పైన వస్తే నిశ్చింతగా ఎక్కించండి. 20 లోపు వస్తే రింగు మీరనుకున్న మిశ్రమం కాదు.

తయారుచేసిన డబ్బా కొంటానంటే దాని లోపలేముందో మల్టీమీటర్‌తో చూడొచ్చు. 1:1 చోక్ అయితే కనెక్టర్ మధ్య పిన్ను నుంచి ఒక మేకుకు (యాంటెన్నా తీగ బిగించే బోల్టుకు) కంటిన్యుటీ ఉంటుంది, కనెక్టర్ బాడీ నుంచి రెండో మేకుకు ఉంటుంది, ఈ రెంటికీ మధ్య ఉండదు. మధ్య పిన్నుకీ బాడీకీ మధ్యే కంటిన్యుటీ చూపిస్తే లోపల ఉన్నది మూడు తీగలు కలిపి చుట్టిన వోల్టేజీ బాలన్. అది రెండు కాళ్ల వోల్టేజీని సమం చేస్తుంది, కరెంటుని కాదు. యాంటెన్నా ఒక కాలు గోడకు దగ్గరగా, ఇంకో కాలు దూరంగా ఉన్నప్పుడు వోల్టేజీ సమం చేసి ప్రయోజనం లేదు. మన డాబాల మీద వాటర్ ట్యాంకు, కేబుల్ టీవీ తీగలు, పక్కింటి రేకుల షెడ్డు అన్నీ ఉంటాయి కాబట్టి నేను ఎవరికీ వోల్టేజీ బాలన్ సిఫారసు చేయను.

చోక్ పెట్టాక ఎస్‌డబ్ల్యూఆర్ మారుతుంది. పెరిగినా కంగారుపడకండి. ఇంతవరకూ మీటరు మీకు చూపించిన 1.4 మూడు కాళ్ల యాంటెన్నాది. మూడో కాలు తెగాక అసలు డైపోల్ ఎక్కడ రెసొనేట్ అవుతుందో ఇప్పుడు బయటపడుతుంది, తీగలు రెండు వైపులా సమంగా కత్తిరించో పొడిగించో సరిచేసుకోండి. తీగ మొత్తం పొడవు మీటర్లలో 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వచ్చేదానికి, అంటే 7.1కి 20 మీటర్లకు, అటూఇటూగా ఉంటుంది. సరిచేశాక రేడియో దగ్గర ఒకటి రెండు మీటర్ల కేబుల్ అదనంగా కలిపి చూడండి. ఎస్‌డబ్ల్యూఆర్ కదలకపోతే చోక్ తన పని చేస్తోంది. కేబుల్‌ని చేత్తో పట్టుకుంటే ముల్లు కదులుతోందంటే ఇంకా బయట కరెంటు ఉన్నట్టే.

కేబుల్ ఒక తీగ పక్కనే పిట్టగోడ దాకా వెళ్తోందన్నారు, అది తప్పక మార్చాలి. చోక్ చేసేది ఫీడ్ పాయింటు దగ్గర నేరుగా దిగే కరెంటును ఆపడం. తీగ నుంచి కేబుల్ మీదికి ఇండక్షన్‌తో ఎక్కేదాన్ని పైనున్న చోక్ ఆపలేదు. కేబుల్‌ని పైపు వెంబడే నిటారుగా కిందికి దింపి, డాబా నేల మీదుగా తీసుకెళ్లండి. రెండు కాళ్లకూ సమాన దూరంలో ఉంటే ఒక కాలి ప్రభావాన్ని రెండో కాలు కొట్టేస్తుంది. దింపాక కూడా మిగిలితే గదిలోకి వచ్చే చోట ఇంకో చోక్ అచ్చం ఇలాంటిదే పెట్టండి. యూఎస్‌బీ తీగకి, మైకు తీగకి, పవర్ సప్లై తీగకి చిన్న 31 రింగుల్లో ఐదారు చుట్లు వేస్తే మంచిదే. కానీ పై చోక్ పెట్టకుండా వీటితో మొదలుపెట్టొద్దు. ఇల్లంతా నీళ్లు వస్తుంటే ముందు కుళాయి కట్టేయాలి, తర్వాతే గుడ్డతో తుడవాలి.

నాయిజ్ విషయంలో మీకు ఉన్నమాట చెప్పాలి. షీల్డ్ బయటి దారి రెండు వైపులా నడుస్తుంది. ఇంట్లోని ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్, రూటర్ అడాప్టర్, బీఎల్‌డీసీ ఫ్యాన్లు పుట్టించే చెత్త వైరింగు మీదుగా రేడియో ఎర్త్‌కి, అక్కణ్ణుంచి షీల్డ్ బయటి వైపు పైకి ఎక్కి, ఫీడ్ పాయింటు దగ్గర లోపలికి దూరుతుంది. చోక్ ఈ దారిని మూసేస్తుంది, చాలా ఇళ్లలో ఒకటి రెండు ఎస్ యూనిట్లు ఇలాగే తగ్గుతాయి. ఇంటి నుంచి గాలిలో నేరుగా తీగల మీదికి వచ్చే నాయిజ్‌ని మాత్రం చోక్ ఏమీ చేయలేదు. తేడా తెలుసుకోవడానికి రేడియోని బ్యాటరీ మీద నడిపి, మెయిన్ ఆపేసి ఎస్ మీటరు చూడండి. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే వేస్తూ రండి. ఏది వేయగానే ముల్లు లేచిందో ఆ గదిలోనే దొంగ ఉన్నాడు. మెయిన్ ఆపేసినా ఎస్7 అలాగే ఉంటే అది వీధి నుంచో పక్కింటి నుంచో వస్తోంది. చోక్ పెట్టాక ఇదే పరీక్ష మళ్లీ చేస్తే, తగ్గింది ఎంతో, తగ్గనిది ఎక్కణ్ణుంచో స్పష్టంగా తెలుస్తుంది.

ఇక ఎండ్ ఫెడ్. చోక్ అదే, పెట్టే చోటు వేరు. సగం తరంగం తీగ చివర ఇంపెడెన్స్ రెండున్నర వేల ఓంల ప్రాంతంలో ఉంటుంది, 49:1 దాన్ని 50కి దించుతుంది. 100 వాట్లకి ఆ చివర వోల్టేజీ పీక్ 700 దాకా పోతుంది, తీగ చివరా ట్రాన్స్‌ఫార్మర్ మేకూ ఎవరి చేతికీ అందకుండా ఉండాలి. తీగలోకి వెళ్లే కరెంటు తక్కువే, 0.2 ఆంపియర్. కానీ ఎంత తక్కువైనా అంతే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ రెండో మేకు నుంచి రావాలి, గాల్లోంచి రాదు. కౌంటర్‌పాయిజ్ తీగ (ఆ కరెంటుకు రెండో కాలుగా ఉండే తీగ) కట్టకపోతే అది మీ కోయాక్స్ బయటి వైపు నుంచే వస్తుంది. అందుకని చోక్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌కి అంటించి పెట్టి కౌంటర్‌పాయిజ్ కట్టకపోతే ఆ కరెంటుకు దారే ఉండదు. చోక్ మీద ఎక్కువ వోల్టేజీ పడి అది వేడెక్కుతుంది, ఎస్‌డబ్ల్యూఆర్ పట్టుతప్పుతుంది. రెండు మార్గాలున్నాయి. రెండో మేకుకు 2 మీటర్ల తీగ వేలాడదీసి చోక్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే పెట్టడం ఒకటి. 40 మీటర్లలో తరంగం పొడవులో ఇరవయ్యో వంతు ఆ 2 మీటర్లు. విడిగా తీగ కట్టకుండా కోయాక్స్ మొదటి 2 మీటర్లనే కౌంటర్‌పాయిజ్‌గా వదిలి, ఆ తర్వాత చోక్ పెట్టడం రెండోది. డాబా మీద మొదటిదే నయమనిపిస్తుంది, ఏ కరెంటు ఎక్కడుందో మనకు తెలిసి ఉంటుంది. ఇక్కడ చోక్ మీద పడే ఒత్తిడి డైపోల్‌లో కంటే ఎక్కువ కాబట్టి ఎఫ్‌టీ8 మొదట 25, 30 వాట్లతో పది నిమిషాలు నడిపి, ఆపేశాక రింగు పట్టుకుని చూడండి.

పక్కకు జరిపి ఫీడ్ చేసే డైపోల్ ఎవరైనా కడితే ఇంకో మాట. దానికి 4:1 కావాలి, నిజమే, కానీ కాళ్లు అసమానం కాబట్టి షీల్డ్ మీదికి కరెంటు డైపోల్‌లో కంటే చాలా ఎక్కువ దిగుతుంది. ఒకే రింగు మీద చుట్టిన 4:1ని నమ్ముకోవద్దు, దాని కింద విడిగా 1:1 చోక్ కూడా పెట్టాలి. పూర్తి తరంగం లూప్‌కి 100 నుంచి 120 ఓంలు ఉంటుంది. అక్కడ 75 ఓంల కేబుల్‌ని పావు తరంగం కట్ చేసి మధ్యలో పెడితే 112 ఓంలు 50కి దిగుతాయి. 7.1 మెగాహెర్ట్జ్‌కి ఘన పాలిథిన్ కేబుల్ అయితే 7 మీటర్లు. దాని పైన కూడా ఇదే చోక్.

మీ పని వరస: ముందు కేబుల్ దారి మార్చండి, పైన చోక్ పెట్టండి, తీగలు సరిచేయండి. ఆ తర్వాత మైకు ఇంకా కాలితే గది దగ్గర రెండో చోక్. చుట్టిన చోక్ ఎస్21 గ్రాఫ్ 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా ఇక్కడ పెడితే చూసి చుట్లు పెంచాలో తగ్గించాలో చెప్తాను. ఎండ్ ఫెడ్‌కి ట్రాన్స్‌ఫార్మర్ కూడా మీరే చుట్టే ఉద్దేశం ఉంటే రింగు కొనేముందు అడగండి, దానికి 31 కాదు, 43 మిశ్రమం కావాలి. అక్కడ మనకు కావలసింది నష్టం తక్కువగా ఉండే రింగు.